సెప్టెంబర్ చివరి శని-ఆదివారాలు మోజెల్ ద్రాక్షతోటలకు: డార్మ్‌స్టాట్ నుంచి నలుగురం, డాయిచ్‌లాండ్‌టికెట్ మీదే

డార్మ్‌స్టాట్_దోశ

అందరికీ నమస్తే. జర్మనీలో మాస్టర్స్ చదువుతున్నాం, నలుగురం. మోజెల్ నది ఒడ్డున ద్రాక్షతోటలు చూడాలని ఉంది. సెప్టెంబర్ చివరి శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి గదికి చేరాలి. అందరి దగ్గరా డాయిచ్‌లాండ్‌టికెట్ (దేశమంతా లోకల్ రైళ్లకి, బస్సులకి చెల్లే నెల పాసు) ఉంది, ఐసీఈ ఫాస్ట్ రైలుకి వేరే డబ్బు పెట్టే ఉద్దేశం లేదు. ఇద్దరు శాకాహారులు, అందులో ఒకరు గుడ్డు కూడా ముట్టరు. ఒకరు మందు అసలు తాగరు. మనిషికి 120 యూరోలు దాటకూడదు.

అడగాల్సినవి ఇవి. ఏ ఊళ్లో దిగాలి? ఎక్కడ చూసినా కొఖెమ్, బెర్న్‌కాస్టెల్ అంటున్నారు, రెండూ ఒకే ట్రిప్పులో కుదురుతాయా? వైన్ రుచి చూడటానికి ముందే చెప్పాలా, నేరుగా వెళ్లి తలుపు తట్టొచ్చా? సీసా మీద రాసింది చదివి తియ్యటిదా కాదా అని ఎలా తెలుస్తుంది? శాకాహారులకి బ్రెడ్డు తప్ప ఏమన్నా దొరుకుతుందా?

రైలుబండి

ముందు రైలు సంగతి తేల్చుకుంటే ఊరు దానంతట అదే తేలుతుంది.

ఆర్‌బీ, ఆర్‌ఈ అంటే మీ టికెట్ చెల్లే లోకల్ రైళ్లు. డార్మ్‌స్టాట్ నుంచి ఆర్‌బీ 75లో మైన్జ్, అక్కడ ఆర్‌ఈ 2 ఎక్కి బింగెన్ మీదుగా కోబ్లెంజ్. ఆర్‌బీ 26 కూడా అదే దారిలో పోతుంది కానీ ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది, ఆలస్యం. మైన్జ్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టండి, రైన్ నది, లోరెలై బండ అటే. కోబ్లెంజ్‌లో మారాక ఎడమవైపు కూర్చోండి, కొఖెమ్ దాకా మోజెల్ నది పక్కనే ఉంటుంది.

ఇప్పుడు చాలామంది బోల్తా పడే చోటు. కోబ్లెంజ్ నుంచి ట్రియర్ వైపు ఆర్‌ఈ 1, ఆర్‌ఈ 11 రెండూ ఒకే రైలుగా కలిసి నడుస్తాయి. ట్రియర్‌లో విడిపోయి ఒక సగం జార్‌బ్రూకెన్ వైపు, ఇంకో సగం లక్సెంబర్గ్ పోతాయి. మీరు ట్రియర్ దాటకపోతే ఏ పెట్టె అయినా ఒకటే. దాటేవాళ్లు మాత్రం పెట్టె మీద రాసింది చూసుకుని ఎక్కాలి. కొఖెమ్, బుల్లై, విట్‌లిష్ మూడు చోట్లా ఈ రైలు ఆగుతుంది. కోబ్లెంజ్ నుంచి కొఖెమ్ 40 నిమిషాల లోపు, బుల్లై ఇంకో పది నిమిషాలు.

మ్యాప్‌లో చూస్తే రైలు నది వెంబడే వెళ్తున్నట్టు ఉంటుంది కానీ అలా వెళ్లదు. కొఖెమ్ దాటగానే 4 కిలోమీటర్లకు పైగా పొడవున్న కైజర్ విల్‌హెల్మ్ సొరంగంలో దూరి నది మలుపు మొత్తాన్ని కోసేస్తుంది. బుల్లై తర్వాత నదినే వదిలేసి విట్‌లిష్ వైపు కొండల్లోకి పోతుంది. అందుకే ఆ మలుపులో ఉన్న బైల్‌స్టైన్ ఊరికి రైలు లేదు, బెర్న్‌కాస్టెల్-కూస్‌కి కూడా లేదు. బెర్న్‌కాస్టెల్ వెళ్లాలంటే విట్‌లిష్ స్టేషన్ దగ్గర బస్సెక్కాలి. ఆ బస్సుకి మీ టికెట్ చెల్లుతుంది కానీ ఆదివారం బస్సులు పల్చగా ఉంటాయి.

కాబట్టి నా మాట: ట్రాబెన్-ట్రార్‌బాఖ్‌లో దిగండి. బుల్లైలో దిగి ఆర్‌బీ 85 అనే చిన్న బండి ఎక్కితే 20 నిమిషాలు. గంటకొకటి ఉంటుంది. బుల్లై దాటగానే పైన రైలు, కింద కార్లు పోయే రెండంతస్తుల వంతెన మీదుగా వెళ్తారు, ఫోన్ చేతిలో పెట్టుకోండి. డార్మ్‌స్టాట్ నుంచి మొత్తం నాలుగు గంటలు వేసుకోండి. మూడు చోట్ల బండి మారాలి కాబట్టి ఒక్కటి తప్పినా ఇంకో గంట కలుస్తుంది. పొద్దున ఏడింటికల్లా ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు.

డీబీ నావిగేటర్ యాప్‌లో డాయిచ్‌లాండ్‌టికెట్ ఫిల్టర్ పెట్టి వెతకండి, లేకపోతే మీ టికెట్ చెల్లని ఐసీ రైళ్లు చూపించి మోసం చేస్తుంది. శుక్రవారం రాత్రి ఇంకోసారి వెతకండి. వారాంతాల్లో పట్టాల పనులుంటే రైలు బదులు బస్సు వేస్తారు, దాన్నే షీనెన్‌ఎర్జాట్స్ అంటారు. ఆ బస్సు స్టేషన్ ముందే ఆగుతుందనుకోవద్దు, ఒక్కోసారి వెనక రోడ్డులో ఆగుతుంది.

నిమ్మకాయ_సోడా

ఇంత దూరం ఎందుకు బ్రో? డార్మ్‌స్టాట్‌కి రైన్‌గౌ వైన్ ప్రాంతం పక్కనే. వీస్‌బాడెన్‌లో ఆర్‌బీ 10 ఎక్కితే రుడెస్‌హైమ్. అక్కడా రీస్లింగ్ ద్రాక్షే, అక్కడా నదే. తోటల మీదుగా నీడర్‌వాల్డ్ స్మారకం దాకా రోప్‌వే కూడా ఉంది. పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు, హాస్టల్ ఖర్చు మిగులుతుంది. లేదా కారు అద్దెకి తీసుకోండి, ఇండియన్ లైసెన్స్ చాలు.

రైలుబండి

ఒక్క రోజే ఉంటే రుడెస్‌హైమే మేలు, ఒప్పుకుంటా. కానీ అక్కడి డ్రోసెల్‌గాసె వీధి పూర్తిగా టూరిస్టు బజారు. రెండు రోజులు చేతిలో ఉన్నప్పుడు మోజెల్ వదులుకోవద్దు. అక్కడ తోటలు గోడల్లా నిలబడి ఉంటాయి. బ్రెమ్ ఊరి పైనున్న కల్మాంట్ కొండ వాలు కొన్ని చోట్ల 65 డిగ్రీలు, యూరప్‌లో అంత ఏటవాలు ద్రాక్షతోట ఇంకోటి లేదు.

కారు మాట మాత్రం తప్పు. ఇండియన్ లైసెన్స్ జర్మనీలో నివాసం మొదలైన రోజు నుంచి 6 నెలలే చెల్లుతుంది. అది కూడా జర్మన్ అనువాదమో ఇంటర్నేషనల్ పర్మిటో తోడుగా ఉండాలి. ఆ గడువు దాటాక నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క, అది జరిమానాతో పోయే చిన్న తప్పు కాదు, క్రిమినల్ కేసు. పైగా వైన్ తాగడానికి పోతూ కారు ఎందుకు? రక్తంలో ఆల్కహాల్ 0.5 ప్రమిల్ (వెయ్యికి 0.5 వంతు) దాటితే జరిమానా. 21 ఏళ్ల లోపు వాళ్లకీ, కొత్త లైసెన్స్ ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకీ హద్దు సున్నా.

పలకరాయి

వైన్ సంగతి నేను చెప్తాను.

మోజెల్ తోటల్లో సగానికి మించి రీస్లింగ్ ద్రాక్షే. నేల నల్లటి పలకరాయి. మార్కాపురం పలక ముక్కలు చేసి కొండ మీద పోసినట్టు ఉంటుంది. పగలు ఎండని పీల్చుకుని రాత్రి ఆ వేడిని తీగలకి వదులుతుంది. అంత ఉత్తరాన, అంత చలిలో ద్రాక్ష పండటానికి ఆ రాయి, దక్షిణం వైపు తిరిగిన వాలు, కింద వెలుతురు తిప్పికొట్టే నది, మూడూ కలవాలి. చలి ప్రాంతం కాబట్టి పండు తీపెక్కినా పులుపు పోదు. ఈ వైన్ అసలు రుచి ఆ తీపి-పులుపు తూకంలోనే ఉంది.

సీసా చదవడం ఇలా. ట్రాకెన్ అని ఉంటే తీపి లేనట్టే, లీటరుకి చక్కెర 9 గ్రాముల లోపు. హాల్బ్‌ట్రాకెన్ అంటే 18 గ్రాముల లోపు. ఫైన్‌హెర్బ్ అనే మాటకి చట్టంలో అంకె లేదు, రైతు ఇష్టం, మామూలుగా హాల్బ్‌ట్రాకెన్ చుట్టుపక్కలో కాస్త పైనో ఉంటుంది. లీబ్లిష్ 45 దాకా, ఆపైన జూస్, అంటే పూర్తి తియ్యటిది.

కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె అన్నవి చూసి చాలామంది అవి తీపి మెట్లు అనుకుంటారు. కాదు. అవి కోసినప్పుడు పండు రసంలో ఎంత చక్కెర ఉందో చెప్పే మెట్లు. ఆ చక్కెర మొత్తం పులిసి ఆల్కహాల్ అయిపోతే ష్పేట్‌లేజె కూడా ట్రాకెన్ అవుతుంది. ఏ మాటా రాసి లేని సీసా చేతికొస్తే ఆల్కహాల్ శాతం చూడండి. 7.5 నుంచి 9 అంటే పులియడం మధ్యలో ఆపేశారు, మిగిలిన చక్కెర సీసాలోనే ఉంది, తియ్యటిది. 11.5 నుంచి 13 అంటే తీపి దాదాపు లేదు. మధ్యలో ఉంటే అడగండి. ఈ ఒక్క కిటుకుతో సూపర్ మార్కెట్‌లో కూడా నెట్టుకురావచ్చు.

ఏ.పీ. నంబర్ అని చిన్న అక్షరాల్లో ఒక పొడవాటి అంకె ఉంటుంది. దాని చివరి రెండు అంకెలు పరీక్షించిన సంవత్సరం. గూట్స్‌అబ్‌ఫ్యులుంగ్ అని ఉంటే పండించిన ఇంట్లోనే సీసాకెత్తారని అర్థం. ఊరి పేరు తర్వాత తోట పేరు వస్తుంది: వేలెనర్ జొనెన్‌ఊర్, ఎర్డెనర్ ట్రెప్‌షెన్, పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్‌షెన్ లాంటివి ఒక్కటే తోటవి. పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్ కూడా అలాగే వినపడుతుంది కానీ అది చాలా ఊళ్ల తోటలు కలిపిన పెద్ద పేరు. ట్రాబెన్ దగ్గరి క్రోవ్ ఊరిది నాక్ట్‌ఆర్ష్, అంటే బోడి పిర్ర, అదీ అలాంటి పెద్ద పేరే. లేబుల్ మీద బొమ్మ చూసి నవ్వుకుని పక్కన పెట్టేయండి.

ముందే చెప్పాలా అన్నారు. మీరు వెళ్లేది కోత కాలంలో. ఇంట్లో అందరూ కొండ మీదుంటారు, తలుపు తడితే కుక్క తప్ప ఎవరూ పలకరు. వారం ముందు ఫోన్ చేయండి లేదా మెయిల్ పెట్టండి. "విర్ జింట్ ఫీర్ పెర్జోనెన్, కొనెన్ విర్ ఆమ్ జామ్స్‌టాగ్ ఉమ్ ఫీర్ ఊర్ ప్రోబీరెన్?" అంటే చాలు: నలుగురం, శనివారం నాలుగింటికి రుచి చూడొచ్చా అని. ఒకరు తాగరని అప్పుడే చెప్పండి. చాలా చోట్ల ట్రౌబెన్‌జాఫ్ట్, అంటే వాళ్ల తోటదే ద్రాక్షరసం, ఉంటుంది. ఆ మనిషికి డబ్బు తగ్గిస్తారా అని కూడా అడగొచ్చు, తప్పులేదు.

వైన్‌ప్రోబె అంటే ఐదారు రకాలు, మనిషికి 10 నుంచి 20 యూరోలు మామూలు. కొన్నిచోట్ల ఉచితంగా పోస్తారు. అక్కడ నలుగురు కలిసి రెండు మూడు సీసాలైనా కొనకుండా లేచి రావడం మర్యాద కాదు. రైతు దగ్గర మంచి కాబినెట్ 8 నుంచి 14 యూరోలకే వస్తుంది.

ట్రాకెన్‌తో మొదలుపెట్టి తీపి వైపు పోవాలి. ముందు తియ్యటిది నోట్లో పడితే ఆ తర్వాత ట్రాకెన్ నిమ్మకాయ చీకినట్టు ఉంటుంది. కాస్త పాత రీస్లింగ్‌లో పెట్రోల్ బంకు వాసన తగిలితే చెడిపోయిందనుకోవద్దు, వయసుతో వచ్చే గుణం, ఎండ బాగా తగిలిన పండులో ఎక్కువ. సీసా అడుగున గాజుపెంకుల్లా మెరిసేవి వైన్‌స్టైన్ స్ఫటికాలు, పులుపే గడ్డకట్టింది, ప్రమాదం లేదు.

లెక్క కూడా చూసుకోండి. 50 మిల్లీలీటర్ల చొప్పున ఆరు రకాలంటే 300, దాదాపు 26 గ్రాముల ఆల్కహాల్. అదే 100 చొప్పున పోస్తే దానికి రెట్టింపు, అంటే ముప్పావు సీసాకి పైనే. ఒక రోజులో రెండు ఇళ్లకి వెళ్తే ఉమ్మడం నేర్చుకోవాల్సిందే. ష్పుక్‌నాప్ఫ్, అంటే ఉమ్మే గిన్నె, అడిగితే ఇస్తారు, ఎవరూ చిన్నబుచ్చుకోరు. పరగడుపున మాత్రం వద్దు. రీస్లింగ్ పులుపు ఖాళీ కడుపులో మంట పెడుతుంది.

కరివేపాకు_కొమ్మ

తిండి సంగతి. రైతులు ఏడాదిలో 4 నెలల దాకా లైసెన్స్ లేకుండానే తమ వైన్ పోసి, సాదా తిండి పెట్టుకోవచ్చు. దాన్ని ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అంటారు, 40 కుర్చీలకు మించకూడదు. గుమ్మానికి ఆకుల గుత్తో చీపురో కట్టి ఉంటే తెరిచి ఉందని అర్థం. హోటళ్ల కంటే చవక, వైన్ కూడా ఆ ఇంటిదే. కోత కాలంలో చాలా తెరుస్తారు కానీ ఒక్కోటి ఒక్కో రోజు మూస్తుంది, వెళ్లేముందు వాళ్ల పేజీలో రూహెటాగ్, అంటే సెలవు రోజు, అన్న మాట చూడండి.

శాకాహారులకి ఇబ్బంది ఎక్కడొస్తుందంటే ష్పెక్, అంటే ఉప్పు పెట్టిన పంది మాంసం ముక్కలు. వాళ్లకి అది మాంసం కిందకే రాదు, మనకి పోపులో ఇంగువలాగా! ఫ్లామ్‌కూఖెన్, అంటే పైన మీగడ రాసి కాల్చే పల్చటి రొట్టె, ఆర్డర్ చేసేటప్పుడు "ఓనె ష్పెక్" (ష్పెక్ లేకుండా) అనాలి. ఇది అప్పటికప్పుడు పైన చల్లి కాలుస్తారు కాబట్టి తీసేయడం తేలిక. పిండిలో మామూలుగా గుడ్డు ఉండదు, పైన మీగడ, ఉల్లిపాయ. గుడ్డు తినని వాళ్లకి ఇదే గతి. ఉల్లిపాయ కేకు, అంటే త్స్వీబెల్‌కూఖెన్, సెప్టెంబర్‌లో ప్రతిచోటా ఉంటుంది, చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది. కానీ గుడ్డు, మీగడ, ష్పెక్ ముందే కలిపేసి కాలుస్తారు, తీసేయమంటే కుదరదు. బంగాళాదుంప సూప్ కూడా అంతే, అడగకుండా తెప్పించుకుంటే సాసేజ్ ముక్క తేలుతుంది.

చీజ్‌లో దూడ కడుపులోని రెన్నెట్ వాడతారేమో అని చూసేవాళ్లైతే చీజ్ పళ్లెం వదిలేయండి. వైన్‌ని తేటపరచడానికి కొందరు జెలటిన్, చేపజిగురు వాడతారు. గుడ్డు, పాలు వాడి మిగిలిపోతే లేబుల్ మీద రాయాలి కానీ జెలటిన్ వాడినట్టు రాయక్కర్లేదు. పట్టింపు ఉన్నవాళ్లు వేగాన్ అన్న ముద్ర చూసుకోవాలి, లేదా రైతునే అడగాలి.

డబ్బు నోట్ల రూపంలో పెట్టుకెళ్లండి. చాలా ఇళ్లల్లో నోట్లు లేదా గీరోకార్డ్, అంటే జర్మన్ బ్యాంకు డెబిట్ కార్డు, మాత్రమే. ఇండియా బ్యాంకు వీసా కార్డు చూపిస్తే తల అడ్డంగా ఊపుతారు. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి. నీళ్లు, పండ్లు, కావాలంటే పులిహోర డబ్బా శనివారమే సర్దుకోండి.

ఇంకో మాట, మీరు వెళ్లే రోజుల్లో ఫేడర్‌వైసర్ దొరుకుతుంది. ఇంకా పులుస్తూనే ఉన్న కొత్త రసం. మజ్జిగలా తెల్లగా, తియ్యగా, నురగగా ఉంటుంది. ద్రాక్షరసమే కదా అని గడగడా తాగేస్తారు. రోజురోజుకీ ఆల్కహాల్ పెరుగుతుంటుంది, 4 శాతంతో మొదలై 10 దాటొచ్చు. మీలో తాగని ఆయనకి పొరపాటున ఇది ఇవ్వకండి.

డార్మ్‌స్టాట్_దోశ

అందరికీ థాంక్స్ అండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ట్రాబెన్-ట్రార్‌బాఖ్ ఖాయం చేసుకున్నాం. ఇంకో మూడు. రాత్రి పడక ఎక్కడ? ఆదివారం సైకిళ్ల మీద బెర్న్‌కాస్టెల్ దాకా వెళ్లాలని ఇద్దరికి ఉంది, సైకిళ్లు రైల్లో తీసుకురావాలా? డిసెంబర్‌లో ఇంటికి వెళ్తున్నా, రెండు మూడు సీసాలు హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా?

రైలుబండి

పడక: ట్రాబెన్-ట్రార్‌బాఖ్‌లో యూగెండ్‌హెర్బెర్గె, అంటే యూత్ హాస్టల్, ఉంది. మనిషికి 35 నుంచి 45 యూరోలు వేసుకోండి, పొద్దున టిఫిన్ కలిపి. సభ్యత్వం ఉండాలి, ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. 26 ఏళ్ల దాకా రుసుము తక్కువ, 27 నుంచి బాగా ఎక్కువ. ప్రైవేటు పాన్సియోన్‌లు, అంటే చిన్న లాడ్జీలు, సెప్టెంబర్, అక్టోబర్ వారాంతాల్లో రెండు రాత్రులు తీసుకుంటేనే ఇస్తామంటాయి, అక్కడ వాదించి లాభం లేదు. ఇప్పుడే బుక్ చేయండి. స్టేషన్ ట్రాబెన్ వైపు, హాస్టల్ నదికి అవతల ట్రార్‌బాఖ్ వైపు గుట్ట మీద. చక్రాల సూట్‌కేసు కాదు, వీపు సంచి తెచ్చుకోండి. వంతెన చివర కోట బురుజులా ఉన్న ద్వారం 1899 నాటిది, బ్రూనో మ్యోరింగ్ కట్టింది. 1900 ప్రాంతంలో ఈ ఊరు పెద్ద వైన్ వ్యాపార కేంద్రం. ఇప్పటికీ వీధుల కింద సొరంగాల్లాంటి సెల్లార్లు ఉన్నాయి, గైడుతో చూపిస్తారు. తాగని మనిషికి శనివారం సాయంత్రం అదే మంచి కాలక్షేపం.

సైకిళ్లు: రైల్లో తేవద్దు. మోజెల్ ఉన్న రైన్‌లాండ్-ఫాల్జ్ రాష్ట్రంలో శని, ఆదివారాలు లోకల్ రైళ్లలో సైకిల్‌కి టికెట్ అక్కర్లేదు, నిజమే. కానీ ఎండ కాసిన ఆదివారం సాయంత్రం పెట్టెలో చోటే ఉండదు, గార్డు దింపేస్తాడు. రైలు బదులు బస్సు వేస్తే సైకిల్ ఎక్కించరు. ట్రాబెన్‌లోనే అద్దెకి తీసుకోండి.

నది వెంట మోజెల్ సైకిల్ దారి బల్లపరుపుగా ఉంటుంది. క్రోవ్, కిన్‌హైమ్, ఊర్ట్‌సిగ్, త్సెల్టింగెన్ మీదుగా బెర్న్‌కాస్టెల్ దాదాపు 24 కిలోమీటర్లు. మధ్యలో ఆగుతూ రెండున్నర గంటలు. వెనక్కి కూడా అంతే దూరం, అక్కడే చాలామందికి కాళ్లు మొరాయిస్తాయి. అందుకే వెళ్లేటప్పుడు సైకిల్, వచ్చేటప్పుడు పడవ. బెర్న్‌కాస్టెల్, ట్రాబెన్ మధ్య సీజన్‌లో పడవలు నడుస్తాయి, సైకిల్ ఎక్కిస్తారు. త్సెల్టింగెన్ దగ్గర లాక్ గేటులో ఆగి, నీటి మట్టం తగ్గించాక పడవ కిందికి దిగాలి కాబట్టి రెండు గంటలు పడుతుంది. డాయిచ్‌లాండ్‌టికెట్ పడవలకి చెల్లదు. పడవల వేళలు రోజుకి కొన్నే, ముందు పడవ టైము చూసి దానికి తగ్గట్టు సైకిల్ ఎక్కండి. మిగతా ఇద్దరూ ట్రార్‌బాఖ్ పైనున్న గ్రేవెన్‌బుర్గ్ శిథిల కోటకి ఎక్కొచ్చు, కింద నది వంపు మొత్తం కనపడుతుంది.

సైకిల్ మీద తాగి పోతే పోలీసులు పట్టించుకోరనే భ్రమ వద్దు. 1.6 ప్రమిల్ దాటితే నేరం. తూలుతూ నడిపినా, ఎవర్నైనా గుద్దినా 0.3 నుంచే కేసు అవుతుంది. లైసెన్స్ లేకపోయినా ఎంపీయూ అనే మానసిక పరీక్షకి పిలుస్తారు, రేపు జర్మన్ లైసెన్స్ తీసుకోవాలంటే అది అడ్డుపడుతుంది. అద్దె ఈ-స్కూటర్లకి కారు నియమాలే. రుచులు శనివారం సాయంత్రం నడక దూరంలో పెట్టుకోండి, ఆదివారం సైకిల్ మీద షోర్లె ఒక్కటి చాలు, అంటే సగం వైన్ సగం సోడా.

ఆదివారం నాలుగింటికల్లా ట్రాబెన్‌లో రైలెక్కితే రాత్రి ఎనిమిది, తొమ్మిదికి గదికి చేరతారు. ఆరు దాటితే మార్పుల్లో ఒక్కటి తప్పినా మైన్జ్‌లో అర్ధరాత్రి.

పలకరాయి

సైకిల్ వాళ్లకి ఒక హెచ్చరిక. కోత దగ్గర పడినప్పుడు తోటల మధ్య దారుల్ని కొన్ని ఊళ్లలో మూసేస్తారు, "వైన్‌బెర్గ్ గెష్లోసెన్" అన్న బోర్డు ఉంటే లోపలికి పోవద్దు. దారి పక్కన పండు వేలాడుతున్నా కోయొద్దు, ఒక గుత్తి అయినా దొంగతనమే. ఆ వాలులో మనిషి చేత్తో కోసి మోయాల్సిన పండు అది, మిషన్ ఎక్కదు.

ఇంటికి తీసుకెళ్లడం: ఇండియా కస్టమ్స్‌లో సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు. మామూలు సీసా 0.75 లీటర్లు, రెండు అంటే 1.5. మూడోది పెడితే 2.25 అవుతుంది, హద్దు దాటినట్టే. చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి, చేతి సంచిలో ద్రవాలకి ఆంక్షలుంటాయి. నిండు సీసా ఒక్కోటి కిలో పావు దాకా బరువు. మోజెల్ సీసా సన్నగా పొడుగ్గా ఉంటుంది, మామూలు వైన్ తొడుగుల్లో మెడ బయటికి వస్తుంది. ప్లాస్టిక్ కవరులో కట్టి, జీన్స్ కాలులో దూర్చి, సూట్‌కేసు మధ్యలో పెట్టండి. అంచుల్లో పెట్టిందే పగులుతుంది. ఫేడర్‌వైసర్ మాత్రం ఇండియాకి కాదు, డార్మ్‌స్టాట్‌కి కూడా ఆలోచించి తీసుకెళ్లండి. లోపల గ్యాస్ పుడుతూ ఉంటుంది కాబట్టి మూత కావాలనే వదులుగా పెడతారు. సంచిలో పడుకోబెడితే ల్యాప్‌టాప్ తడుస్తుంది. బిగించి మూస్తే సీసా పగులుతుంది.

ఇంట్లో వాళ్లకి ఏది కొనాలంటే, మన కారానికి ట్రాకెన్ వద్దు. ఆల్కహాల్ ఎక్కువున్న కొద్దీ మిరపకాయ మంట పెరుగుతుంది, తీపి దాన్ని తగ్గిస్తుంది. 8, 9 శాతం ఉన్న తియ్యటి కాబినెట్ బాగా చల్లబరిచి బిర్యానీతో ఇస్తే సరిపోతుంది. గోంగూర, చింతపండు పులుసుల పక్కన మామూలు రెడ్ వైన్ చప్పగా అయిపోతుంది, తిండి పులుపుకి సమానంగా వైన్‌లోనూ పులుపు ఉండాలి. రీస్లింగ్‌కి ఆ కొరత లేదు.

నిమ్మకాయ_సోడా

కారు మాట వెనక్కి తీసుకుంటున్నా. ట్రియర్ దాకా వెళ్తే లక్సెంబర్గ్ కూడా చూడొచ్చుగా? అక్కడ బస్సు, రైలు ఫ్రీ అంటారు.

రైలుబండి

లక్సెంబర్గ్‌లో 2020 నుంచి సెకండ్ క్లాసు రైళ్లు, బస్సులు, ట్రాములు అందరికీ ఉచితమే. కానీ రెండు రోజుల్లో ఇరికించొద్దు, ఆ దోవన పోతే ద్రాక్షతోటలకి మిగిలేది రైలు కిటికీ. వేరే వారాంతం పెట్టుకుంటే పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫోటో సరిపోదు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ ఆ సరిహద్దులో కూడా తనిఖీలు మొదలుపెట్టింది. షెంగెన్ అనే ఊరు ఉన్నది ఇదే మోజెల్ ఒడ్డున, 1985లో సరిహద్దు తనిఖీలు ఎత్తేయాలన్న ఒప్పందం మీద సంతకాలు చేసింది అక్కడే, పడవలో. ఇప్పుడు అదే నది పక్కన కార్డు చూపించమంటున్నారు.

కరివేపాకు_కొమ్మ

దోశ గారూ, ఖర్చు లెక్క: హాస్టల్ 40, రుచి 15, శనివారం రాత్రి భోజనం ఒక గ్లాసుతో 20, సైకిల్ 15, పడవకి ఇంకో 20 పక్కన పెట్టండి. 110 అవుతుంది. సీసాలు కొంటే 120 దాటుతుంది, పడవ మానేస్తే దాటదు. హాస్టల్‌కి ఫోన్ చేసినప్పుడు పొద్దున టిఫిన్‌కి గుడ్డు లేనిది కావాలని కూడా చెప్పేయండి.